ఇదేం అడ్రసు?

మీరు అదృష్టవంతులు. హాస్టల్ మెట్లెక్కుతుండగానే మీ ఫోను జేబులోంచే నెట్‌లోకి దూరిపోతుంది. అర నిమిషం ఆలస్యమైతే "ఛీ, ఇదేం కాలేజీ" అని విసుక్కుంటారు. విసుక్కోండి, తప్పేం లేదు. కాకపోతే ఒక కంప్యూటర్ని హాస్టల్ గోడలోని సాకెట్టుకి తగిలించడానికి ఒక దరఖాస్తు, మూడు సంతకాలు, ఒక ఎర్ర సిరా పెన్ను, ఊరవతల నుంచి ఒక తనిఖీ బృందం కావలసి వచ్చిన రోజులు నేను చూశాను. చూడ్డమేమిటి, ఆ దరఖాస్తు తయారుచేసిన మహానుభావుణ్ణి నేనే.

కాగితం మీద నా ఉద్యోగం పేరు నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్. ప్రిన్సిపాల్ గారి ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే లాగేవాణ్ణీ నేనే, మీటింగు హాల్లో మైకు కూస్తే చెవి పట్టుకుని తిప్పేవాణ్ణీ నేనే. ఏ కాలేజీ అని అడక్కండి. పలాస నుంచి టెక్కలి వెళ్ళే దారిలో సముద్రం వైపు చీలే రోడ్డు మీద ఉండేది, ఇప్పుడు లేదు. మూతపడ్డాక ఆ భవనాలు కాశీబుగ్గ వ్యాపారి ఒకాయన తీసుకున్నాడు. మా రెండో నంబరు ల్యాబు నిండా ఇప్పుడు జీడిపిక్కల బస్తాలున్నాయి. మా రోజుల్లో కంటే ఇప్పుడే ఆ గది నిండుగా ఉంది.

ముందు ఆ దరఖాస్తు సంగతి చెప్పాలి. ప్రతి కంప్యూటర్‌కీ తయారీలోనే ఒక గుర్తు వేస్తారు. అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలూ కలిపి మొత్తం పన్నెండు. ఒకదానికున్నది ఇంకోదానికుండదు. ఆ పన్నెండూ నా జాబితాలోకి ఎక్కిస్తేనే హాస్టల్ నెట్ ఆ సిస్టమ్‌ని లోపలికి రానిచ్చేది. ఆ గుర్తు చూడాలంటే ఒక నల్ల తెర తెరిచి ఒక ఇంగ్లీషు ముక్క కొట్టాలి. అప్పుడు ఇంగ్లీషులో ‘ఫిజికల్ అడ్రస్’ అని పడి, ఎదురుగా ఆ పన్నెండూ కనబడతాయి. తెర మీద ఏముందో కాగితం మీదా అదే ఉండాలన్న శ్రద్ధ కొద్దీ నేను పేరు, రోల్ నంబరు, గది నంబరు, వాటి కింద ‘ఫిజికల్ అడ్రస్’ అని ఒక గడి గీశాను. నా తెలివి మొత్తం ఆ ఒక్క గడిలో ఉంది.

మగపిల్లల హాస్టల్ నుంచి మొదటి విడత దరఖాస్తులు వచ్చాయి. అందరూ శుభ్రంగా ఇంటి అడ్రసులు రాసి పడేశారు. నౌపడ కుర్రాడొకడు ‘ఉప్పు మళ్ళ దగ్గర, రైలు గేటు దాటిన తర్వాత’ అని దారి కూడా చెప్పాడు. ఇచ్ఛాపురం కుర్రాడు తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి రాశాడు. వాళ్ళని అని ఏం లాభం, అడిగిందే అలా అడిగాం.

ఆ దరఖాస్తులు ముందు ఆఫీసు సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వెళ్ళేవి. ఆయనది కోటబొమ్మాళి. రోజూ బస్సులో వచ్చి, బస్సులో వెళ్ళేవారు. ఆ రెండు బస్సుల మధ్య ఏ కాగితమూ ఆయన చేతిలోంచి గాయం లేకుండా బయటపడేది కాదు. పిన్ కోడ్ లేదని తిప్పి పంపేవారు. తలుపు నంబరు లేదని తిప్పి పంపేవారు. బంధువుల ఇంట్లో ఉండి చదువుకుంటున్న కుర్రాడొకడు కేరాఫ్ అని రాశాడని అతన్ని పిలిపించి నా ఎదుటే ఝాడించారు.

"ఫిజికల్ అడ్రసు అని అంత పెద్దచ్చరాల్లో అడిగితే కేరాఫ్ రాత్తావేటి బాబూ? ఫిజికల్‌గా నువ్వక్కడ ఉన్నట్టా, లేనట్టా?"

ఆ కుర్రాడు దిక్కులు చూశాడు. నేనూ చూశాను. అప్పుడైనా నా బుర్రలో దీపం వెలగలేదు. ఎందుకంటే సంతకాలు పడిన ఫారాలు నా దగ్గరికి వస్తే నేను పేరూ గది నంబరూ చూసి, కింద నా సంతకం గీకి, నోటుబుక్కు పట్టుకుని నేరుగా గదికే వెళ్ళిపోయేవాణ్ణి. తెర మీద చూసి పన్నెండూ రాసుకొచ్చేవాణ్ణి. గడిలో ఏం రాశారో ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. అలా తప్పుడు దరఖాస్తు ఏడాది పాటు బ్రహ్మాండంగా నడిచింది.

ఏడాది తర్వాత ఆడపిల్లల హాస్టల్‌కి కేబుల్ లాగాం. అంతకు ముందు ఎందుకు లాగలేదంటే, లాగలేదు అంతే. వార్డెన్ మేడమ్ నన్ను గేటు దగ్గరే ఆపి అడిగారు.

"ఆడగుంటలకి నెట్ ఏల మాస్టారూ? సినిమాలు సూడ్డానికా?"

సినిమాలు మగపిల్లల హాస్టల్ వాళ్ళు పొద్దస్తమానం చూస్తూనే ఉన్నారు మేడమ్, వీళ్ళైనా చదువుకుంటారేమో అని మనసులో అన్నాను. పైకి "అవును మేడమ్" అన్నాను. నా సర్వీసంతా ఇలాంటి ‘అవును’ల మీదే నడిచింది.

సొంత సిస్టములున్న ఆడపిల్లలు ఆరుగురే. ఐదుగురు ఇంటి అడ్రసులు రాశారు, సంతకాలు పడ్డాయి. ఆ హాస్టల్లోకి నేను వెళ్ళకూడదు కాబట్టి చీటీల మీద పన్నెండూ రాయించుకుని ఎక్కించాను. వార్డెన్ మేడమ్ సంతకాలున్న ఫారం చూసి, బీరువా తాళం తీసి, గోడకి తగిలించే కేబుల్ ముక్క ఒక్కొక్కరికి ఇచ్చారు. ప్రసాదం పంచినట్టే పంచారు.

ఆరో ఫారం ఒక నాలుగో సంవత్సరం అమ్మాయిది. ఉద్దానం తీరంలో ఒక ఊరు, తండ్రి సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే మనిషి. కూతురికి కంప్యూటర్ కావాలంటే ఆయన విశాఖపట్నం వెళ్ళి, విడిభాగాలు కూర్పించి, మానిటర్ని టార్పాలిన్‌లో చుట్టి, రైల్లో పలాస దాకా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడట. ఆ పిల్ల దరఖాస్తులోని గడిలో ఇంటి అడ్రసు రాయలేదు. నల్ల తెర తెరిచి, చూసి, పన్నెండు అక్షరాలూ పొందిగ్గా రాసింది. మా కాలేజీ చరిత్రలో ఆ గడిని సరిగ్గా నింపిన మొట్టమొదటి మనిషి.

సూపరింటెండెంటు గారు ఆ పన్నెండు అక్షరాల మీదా ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టారు. పక్కన ‘ఇదేం అడ్రసు? తిరస్కరించడమైనది’ అని రాసి, తేదీ వేసి, ముద్ర కొట్టి, ఫైల్లో పెట్టేశారు.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది.

"సార్, నాను రాసిందాంట్లో తప్పేటుంది? తెర మీద ఉన్నదే గదా రాసినాను."

"ఏం రాశావమ్మా?"

చూడకుండా గడగడా చెప్పేసింది. "సున్నా సున్నా, ఒకటి డి, ఎనిమిది బి, ఐదు ఎఫ్, సి రెండు, బి ఎనిమిది."

ముందు నవ్వొచ్చింది. తర్వాత నా బల్ల సొరుగులోని పాత ఫారాలు గుర్తొచ్చి తీసి చూశాను. నవ్వు ఆగిపోయింది. ఒక్కో ఫారం మీద ఒక్కో ఊరు. అన్నిటి కిందా నా సంతకం, చాలా అందంగా ఉంది.

"సార్, ఇనండి," అంది ఆ పిల్ల. "వచ్చే శనివారం పదకొండు గంటలకి ఒక కంపెనీ పరీక్ష ఉంది. ఉద్యోగానికి మొదటి మెట్టు. సొంత సిస్టమ్‌లోనే రాయాలంట, కెమెరా ఉండాలంట. పదకొండు దాటితే లోపలికి రానీరు. సిస్టమ్ మోసుకుని ఊళ్ళో నెట్ సెంటర్‌కి ఎల్దామంటే, మా నాన్న ఫోన్ సేత్తే గాని మేడమ్ బయటికి ఇడవరు. నాన్న ఏటకి ఎల్తే ఫోన్ తగల్దు. నాకీ కనెక్షన్ తప్ప దారి నేదు సార్."

అప్పుడే లేచి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళి, "అయ్యా, ఈ పిల్ల రాసిందే ఒప్పు, మనమే తప్పు" అనాలి. అంటే ఏడాది పాటు తప్పుడు కాగితాల మీద సంతకాలు పెట్టానని నా నోటితో నేనే ఒప్పుకోవాలి. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుని మర్యాదగా కప్పిపెట్టి ఇలా అన్నాను.

"శుక్రవారం ఇన్‌స్పెక్షన్ ఉందమ్మా. అది అవనీ, చూద్దాం."

"శుక్రవారం తర్వాత శనివారమే గదా సార్," అంది ఆ పిల్ల.

అవును, ఆ సంగతి నాకూ తెలుసు.

ఇక ఇన్‌స్పెక్షన్. ల్యాబుకి ఇన్ని సిస్టములు ఉండి తీరాలని రూలు. మా దగ్గరున్నవి తక్కువ, వాటిలో ఊపిరున్నవి ఇంకా తక్కువ. గురువారం పొద్దున్న ప్రిన్సిపాల్ గారు పిలిచి, ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"హాస్టళ్ళలో మొత్తం ఎన్ని సిస్టములున్నాయండీ మన దగ్గర?"

‘మన దగ్గర’ అన్నారు చూశారా, అక్కడే నాకు అర్థమైంది. నా జాబితాని ఒక పెద్దమనిషి అంత శ్రద్ధగా చదవడం అదే మొదలు. సాయంత్రానికల్లా రెండు హాస్టళ్ళ పిల్లల సొంత కంప్యూటర్లూ ఊరేగింపుగా రెండో నంబరు ల్యాబులోకి రావాలి. వాటి మీద కాలేజీ పేరుతో స్టిక్కర్లు అతికించాలి. స్టాకు రిజిస్టర్లో నంబర్లు వేసి ఎక్కించాలి. అతికించింది నేను, ఎక్కించింది నేను. నా దస్తూరీ బాగుంటుందని ఆ పని నాకిచ్చారు.

ఆ అమ్మాయి తన సిస్టమ్ ఇవ్వనంటే ఎవరూ ఏమీ చెయ్యలేకపోయేవారు. కానీ నన్ను హాస్టల్ గేటు దగ్గరికి పిలిపించి నిలదీసింది.

"ఇత్తాను సార్. గాని రేపు సాయంత్రానికి నా సిస్టమ్ నాకొచ్చీయాల. ఎల్లుండి పొద్దున్నకి కనెక్షన్ ఇచ్చీయాల. మాటిత్తారా?"

"ఇస్తున్నాను," అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కనున్న వార్డెన్ మేడమ్‌కి కూడా వినబడేలా. మాటివ్వడానికి ఖర్చేముంది.

ఆ పిల్ల సిస్టమ్‌కి పడిన నంబరు నలభై ఒకటి.

ఇన్‌స్పెక్షన్ దివ్యంగా జరిగింది. వచ్చిన పెద్దాయన ఒకరు వరసల మధ్య నడుస్తూ, ఏ సిస్టమ్ దగ్గర ఆగకూడదో సరిగ్గా అక్కడే ఆగారు. అన్నిట్లోకీ చురుగ్గా పనిచేస్తున్నది ఆ నలభై ఒకటే మరి. తెర మీద ఇసకలో లాగిపెట్టిన బోటు, దానికి ఆనుకుని నిలబడ్డ లుంగీ మనిషి. ఆ పిల్ల తండ్రి ఫొటో అది, తీసెయ్యడం నేను మర్చిపోయాను.

"ఈయనెవరండీ?" అని పెద్దాయన అడిగారు.

మా ప్రిన్సిపాల్ గారు కన్నార్పలేదు. "మన తీరప్రాంత జీవనం సార్. ల్యాబుల్లో స్థానిక వాతావరణం ఉండాలని మా పాలసీ."

పెద్దాయన మెచ్చుకుని రాసుకున్నారు. ఫొటోలు కూడా తీయించారు. ఆ ఆనందంలో ప్రిన్సిపాల్ గారు మర్నాడు కాలేజీకి సెలవు ప్రకటించారు. ల్యాబులకి తాళాలు పడ్డాయి.

మగపిల్లలు ఆ సాయంత్రమే వెనక తలుపులోంచి తమ సిస్టములు మోసుకుపోయారు. వాళ్ళని ఎవరూ ఆపలేదు, అడగలేదు. స్టిక్కర్లు కూడా పీకలేదు. ఆడపిల్లల సిస్టములు మాత్రం హాస్టల్ గేటు దాటాలంటే గేటు పాస్ కావాలి, దాని మీద సూపరింటెండెంటు గారి సంతకం కావాలి, ఆయన అప్పటికే కోటబొమ్మాళి బస్సెక్కేశారు. నాకూ కాశీబుగ్గ బస్సు వచ్చేసింది. ఎక్కేశాను. రేపు పొద్దున్నే చూడొచ్చులే అనుకున్నాను. ఆ పిల్ల వరండాలో నిలబడి నా బస్సుని చూస్తూనే ఉంది.

శనివారం తొమ్మిదిన్నరకి నేను చేరేసరికి ఆ అమ్మాయి ఆఫీసు గుమ్మంలో ఉంది. ఎప్పట్నుంచి ఉందో నేను అడగలేదు. మిగతా ఐదుగురూ సెలవని ఇళ్ళకి పోయారు. సూపరింటెండెంటు గారు ఏదో సంతకం కోసం వచ్చి, వెళ్ళిపోయే తొందరలో ఉన్నారు. గేటు పాస్ అడిగాను. ఆయన స్టాకు రిజిస్టర్ తెరిచి వేలు పెట్టి చూపించారు.

"నలబయ్యొకటి, కాలేజీ ఆస్తి. మీ రాతే గదా మాస్టారూ ఇది?"

"నా రాతే. కానీ అది ఈ అమ్మాయిదని మీకూ తెలుసు కదండీ."

"నాకు తెలిత్తే ఏటి లాభం? రిజిస్టరుకి తెలాల గదా! రేపొద్దున్న ఆడిట్టోలు వత్తే నలబయ్యొకటి ఏదంతారు. ఎవులు సెప్తారు, మీరా? బిల్లుందేటమ్మా?"

"ఇంటికాడ నాన్న పెట్టిలో ఉంది సార్."

"అయితే తెప్పించు. సోమారం సూద్దాం."

"నాన్న సముద్రం మీదున్నాడు సార్. నాకు పదకొండికి పరీక్ష."

ఆయన గొడుగు తీసుకున్నారు. టైము పది కావస్తోంది. రిజిస్టర్లో నా అందమైన దస్తూరీ నన్ను చూసి ఎక్కిరిస్తోంది. ఇన్నేళ్ళ సర్వీసులో నా మీద నాకంత అసహ్యం ఇంకెప్పుడూ కలగలేదు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"సార్, మీరు కొట్టీసిన నా ఫారం ఉంది గదా. అదొక్కపాలి ఇత్తారా?"

ఆయనకి ఒక్క గొప్ప గుణం ఉంది, ఒప్పుకోవాలి. ఏ కాగితాన్నీ పారెయ్యరు. ‘తిరస్కరించినవి’ అని అట్ట మీద రాసిన ఫైలు తీసి, అర నిమిషంలో ఆ ఫారం బల్ల మీద పెట్టారు.

"దీనిమీద మీ తేదీ ఉంది సార్. ఇన్‌స్పెక్షన్‌కి వారం ముందుది. ఇప్పుడు ల్యాబు తీసి ఆ నలబయ్యొకటి ఆన్ సేసి సూడండి. ఈ పన్నెండూ దాంట్లో ఉంటే అది నాదే. నేకపోతే కాలేజీకే ఉంచీసుకోండి."

నెట్‌వర్క్ అడ్మినిస్ట్రేటర్ అనే పెద్దమనిషిని నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆ ఆలోచన నాకు రాలేదు.

తాళం తీయించాం. సిస్టమ్ ఆన్ చేశాను, బోటు పక్కన తండ్రి ప్రత్యక్షమయ్యాడు. నల్ల తెర తెరిచి ముక్క కొట్టాను. సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సవరించుకుని తెర మీద పడిన మాట మీద వేలు పెట్టారు.

"ఫిజికల్... అడ్రస్." ఆగారు. మళ్ళీ చదివారు. "ఓర్నాయనో, ఇదేటి మాస్టారూ, మన ఫారంలో మాట ఈడుంది!"

"మీరు ఒక్కొక్కటీ చదవండి," అన్నాను. ఫారం నా చేతిలో ఉంది. ఆయన తెర మీదవి పైకి చదువుతుంటే నేను ఎర్ర గీత కింద ఉన్నవి చూస్తున్నాను. సున్నా సున్నా. ఒకటి డి. ఎనిమిది బి. ఐదు ఎఫ్. సి రెండు. బి ఎనిమిది.

చివరి దాకా చదివి ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"అంటే ఇది ఈ పెట్టి అడ్రసా?"

"అవును సార్. మా నాన్నది కాదు," అంది ఆ అమ్మాయి.

"మరయితే ఆ మగగుంటలంతా ఊరూ వాడా రాసీసినారే! మాస్టారూ, వాటన్నిటిమీదా మీరు సంతకాలు పెట్టీసినారు గదా!"

"మీరూ పెట్టారు," అన్నాను.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపులోనే ఒప్పందం కుదిరిపోయింది. ఆ పాత ఫారాల సంగతి మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు. ఆయన లేచి స్టిక్కర్ని గోటితో పీకారు. రిజిస్టర్లో నలభై ఒకటో వరస మీద ఎర్ర గీత కొట్టారు. ఫారం మీద ‘తిరస్కరించడమైనది’ పక్కనే ‘అనుమతించడమైనది’ అని రాశారు. మొదటిదాన్ని కొట్టెయ్యలేదు, ముద్ర పడిన మాట కొట్టెయ్యడం రూల్సుకి విరుద్ధమట. ఆ కోటబొమ్మాళి బస్సు ఆయనకి తప్పిపోయింది. నాకు పిసరంత కూడా జాలి కలగలేదు.

పది ముప్పావు. సీపీయూ నేను, మానిటర్ ఆ అమ్మాయి మోసుకుని పరుగు. హాస్టల్ గేటు దగ్గర వార్డెన్ మేడమ్ నన్ను ఆపేశారు. మగవాళ్ళు లోపలికి రాకూడదు. ఆ బరువు ఆ పిల్లే రెండు విడతలుగా మెట్లెక్కించింది. మేడమ్ ఫారం మీద ఇటు ‘తిరస్కరించడమైనది’ చదివి, అటు ‘అనుమతించడమైనది’ చదివి, "ఏది నమ్మాల మాస్టారూ?" అన్నారు. "రెండోది," అని అరిచాను. ఆవిడతో నేను గొంతెత్తి మాట్లాడ్డం అదే మొదలు, అదే ఆఖరు. కేబుల్ ముక్క ఇచ్చేశారు.

నేను ఫారం పట్టుకుని వెనక్కి పరిగెత్తాను. నా జాబితా ఉన్న గది కాలేజీ మేడ మీద, ఆడపిల్లల హాస్టల్‌కి ఎదురుగా ఉండేది. ఆయాసపడుతూ కూర్చుని పన్నెండూ కొట్టాను. కిటికీలోంచి చేయి ఊపాను. ఎదుటి కిటికీలో ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. రాలేదు. మళ్ళీ కొట్టాను. రాలేదు. టైము పది యాభై మూడు. ఇదే నా బతుకుతెరువు, ఇదొక్కటే నాకు వచ్చిన పని, అదీ చేతకావడం లేదు. కిటికీలోంచే కేక వేశాను.

"ఆఖరి రెండూ ఏంటమ్మా? ఎనిమిది ఎనిమిదేనా?"

"కాదు సార్! బి ఎనిమిది! బి!"

"డి నా?"

"బీ...! బోటు బి సార్! బోటు!"

గంటలో మూడోసారి ఆ పన్నెండూ నా కళ్ళముందు ఉన్నాయి. ఎర్ర గీత సరిగ్గా ఆ బి నడుం మీదుగా పోయింది. అది నాకు ఎనిమిదిలా కనబడింది. చూసిందే చూసి రెండుసార్లూ అదే కొట్టాను. దిద్దాను. ఎదుటి కిటికీలో తల మాయమైంది. నా ముందున్న నెట్‌వర్క్ స్విచ్చు పెట్టె మీద ఆ గది తాలూకు ఆకుపచ్చ దీపం వెలిగి, ఆడ్డం మొదలుపెట్టింది.

ఆ పరీక్ష గంటన్నర. ఆ గంటన్నరా నేను ఆ దీపం ముందు నుంచి లేవలేదు. లేస్తే ఆరిపోతుందేమోనని భయం. నెట్‌వర్క్ సంగతులు తెలిసినవాడు భయపడాల్సిన భయం కాదది. అయినా భయపడ్డాను.

మా కాలేజీ నుంచి ఆ పరీక్ష గట్టెక్కినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఆ అమ్మాయి. తర్వాతి మెట్లు కూడా ఎక్కేసింది, ఉద్యోగం వచ్చింది. వారం తిరక్కుండా కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ‘మా అత్యాధునిక ల్యాబుల్లో తీర్చిదిద్దబడిన ఆణిముత్యం’ అని ఇంత పొడుగు అక్షరాలు. పక్కన ల్యాబు ఫొటో, ఇన్‌స్పెక్షన్ రోజున తీసింది. ఆ ఫొటోలో ముందు వరసలో స్టిక్కరుతో సహా కనబడుతున్నది నలభై ఒకటో నంబరు. ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఆ అమ్మాయి కడుపుబ్బా నవ్వడం నేను చూశాను.

చదువు పూర్తయ్యాక వెళ్ళిపోయే రోజున కనెక్షన్ రద్దు చేసుకోవాలి. దానికీ ఒక ఫారం ఉంది, దానిలోనూ అదే గడి ఉంది. ఇంత జరిగాక కూడా ఆ మాట మార్చలేదా అంటారేమో. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి, కమిటీ కూర్చుంటే ఎందుకు మారుస్తున్నారని అడుగుతుంది. మేమిద్దరం ఆ సాహసం చెయ్యలేదు.

ఆ అమ్మాయి ఫారం నింపి నా బల్ల మీద పెట్టింది. ఆ రోజే మొట్టమొదటిసారి సంతకం పెట్టే ముందు గడిలో ఏముందో చదివాను. పన్నెండు అక్షరాలు లేవు. తండ్రి పేరు, ఊరు, పోస్టు, మండలం, పిన్ కోడ్. ‘తుఫాను షెల్టరు వెనక వీధి, నీలం తలుపు ఇల్లు, కుక్క ఉంది గాని కరవదు’ అని రాసింది.

"ఇదేం అడ్రసు?" అన్నాను.

"ఫిజికల్‌గా మేం అక్కడే ఉంతాం సార్," అంది నవ్వాపుకుంటూ. "మీ ఆఫీసుకి తెలిసిన అడ్రసు ఇదొక్కటే గదా. ఈపాలి కొట్టీరులెండి."

సూపరింటెండెంటు గారు పిన్ కోడ్ సరిచూసి వెంటనే సంతకం పెట్టేశారు. నేనూ పెట్టాను. ఆ తర్వాత పన్నెండు అక్షరాలు జాబితాలోంచి తీసెయ్యడం నా పని. నాకవి ఇప్పటికీ కంఠతా వచ్చు. కానీ ఫారంలో లేని అక్షరాలు నేనెలా కొట్టేస్తాను, రూల్సు ఒప్పుకోవు కదా. అందుకని కొట్టెయ్యలేదు. కాలేజీ మూతపడి ఆఖరి తీగ పీకేసిన రోజున కూడా ఆ బోటు బి నా జాబితాలోనే ఉంది.